గాలికి దారి

కనిగిరి ఊరి చివర మా ఇల్లు లేస్తోంది. పిల్లర్లు నిలబడ్డాయి, స్లాబు పడింది, ఇప్పుడు గోడల పని నడుస్తోంది. మేము అంటే ఇద్దరు అన్నదమ్ములం. రాస్తున్నది పెద్దవాడు, ప్రాథమిక పాఠశాలలో పంతులు. చిన్నవాడు సెంట్రింగ్ పనికి పోతాడు. ఇద్దరికీ గోడ పని నేర్పింది మాత్రం ఒక్కరే, మా నాయన. ఈ సంగతిలో ఇద్దరి పాలూ ఉంది, ఇద్దరి తప్పూ ఉంది. అందుకే నేను అనకుండా మేము అని రాస్తున్నాం.

పోయిన వారం మేస్త్రీ పని ఆపి మమ్మల్ని అడిగాడు. "సారూ, ఒకపక్కేమో చీమ కూడా దూరకుండా సందులన్నీ పూడ్చమంటారు. ఇంకోపక్క అదే గోడకు కింద ఒక కన్నం, పైన ఒక కన్నం పెట్టమంటారు. మీరు చెప్పేది ఏందో నాకు తెలవట్లా."

అమ్మ ఇసుక కుప్ప పక్కన కూర్చుని వింటోంది. "పెట్టు నాయనా, పెట్టు. అవి లేకనే ఆ పొద్దు నా బిడ్డ చచ్చి బతికింది" అంది.

మేస్త్రీ మా మొహాలు చూశాడు. సాయంత్రం టీ తాగేటప్పుడు ఆయనకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాం. ఇప్పుడు మన గూడేల్లో, మన కాలనీల్లో గుడిసెలు పోయి పక్కా ఇళ్ళు వస్తున్నాయి. మన పిల్లలు, మన తోటి టీచర్లు ఇది చదివితే మేలని మా ఆశ.

మేము యానాదులం. మా తాతల కాలంలో మా వాళ్ళకు పొలం లేదు, ఇంటి స్థలం లేదు. ఎవరి చేను కాపలా కాస్తే ఆ చేను గట్టు మీదే గుడిసె. వంగితే తప్ప లోపలికి పోలేనంత చిన్న వాకిలి. నడుమ నిట్టాడు పాతేవాళ్ళు. చుట్టూ వేప కర్రలో తుమ్మ కర్రలో గుంజలుగా నాటి, వాటికి అడ్డంగా సన్న కర్రలు కట్టేవాళ్ళు. ఆ చట్రంలో కందికట్టె అల్లితే తడిక గోడ తయారు. దానికి రెండు పక్కలా మట్టి మెత్తడమే అసలు పని.

ఆ మట్టి ఊరికే తవ్వి తెచ్చిన మట్టి కాదు. మా దిక్కున నేల ఎర్ర గరప. దానితో మెత్తితే రాలిపోతుంది. అందుకని పుట్టమన్ను తెచ్చి, పేడ, ఊక కలిపి, నీళ్ళు పోసి రెండు మూడు రోజులు నానబెట్టి కాళ్ళతో తొక్కేవాళ్ళం. మొదటి పూత ఎండేటప్పటికి నెర్రెలిస్తుంది. అది తప్పు కాదు, మట్టి గుణం. ఆ నెర్రెల్లో రెండో పూత దిగుతుంది. దాని మీద పేడ అలుకు. అప్పుడు గోడ గట్టిపడుతుంది. తేలు దూరదు, చలిగాలి కొట్టదు.

ఇంత మెత్తినా గోడ మీద, కప్పు కింద జానెడు ఖాళీ ఉండేది. దాన్ని ఎవరూ మూసేవాళ్ళు కాదు. ఎందుకు మూయరని మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆ ఖాళీలోంచే పొయ్యి పొగ మెల్లగా బయటికి పోయేది. బోదగడ్డి కప్పు కింది పక్కంతా పొగచూరి నల్లగా ఉండేది. ఆ మసి వల్ల గడ్డికి పురుగు పట్టేది కాదు. దోర్నాల పక్క నల్లమల గూడెం నుంచి వచ్చిన ఒక చెంచు టీచరు మాతో శిక్షణలో కలిసినప్పుడు ఇదే చెప్పారు. వాళ్ళ వెదురు తడికల ఇంట్లో కూడా పొయ్యి లోపలే, పొగ తడికల సందుల్లోంచి, కప్పులోంచి పోవడమే. మా గట్టు మీద గుడిసె, వాళ్ళ అడవిలో గుడిసె చూడ్డానికి వేరు. గాలి సంగతిలో రెండూ ఒకటే.

గుడిసె కంటే ముందే మాకు మూయడం నేర్పింది ఎలుక బొరియ. ఈ మాట రాయడానికి ఒకప్పుడు సిగ్గుపడేవాళ్ళం. బడిలో మమ్మల్ని ఎలుకలు పట్టేవాళ్ళని వెక్కిరించేవాళ్ళు. ఆ పనిలో ఉన్న చదువును మాత్రం ఎవరూ చూడలేదు. పంటలో ఎలుకలు పడితే రైతులే మా నాయన కోసం కబురు పెట్టేవాళ్ళు. నాయన ముందు చేనంతా తిరిగి బొరియకు ఎన్ని కన్నాలున్నాయో చూసేవాడు. ఒక్కటి వదిలి మిగిలినవన్నీ మట్టితో మూసేవాడు. అడుగున చిన్న బెజ్జం ఉన్న కుండలో ఎండుగడ్డి రాజేసి, కుండ మూతిని ఆ వదిలిన కన్నానికి ఆనించి, బెజ్జంలోంచి ఊదేవాడు. పొగ బొరియలోకి పోయేది. మా ఇద్దరి పని చేనులో నిలబడి చూడటం. ఎక్కడ నేలలోంచి పొగ లేస్తే అక్కడ మేము చూడని కన్నం ఉన్నట్టు. పరిగెత్తి పోయి దాన్నీ మూసేవాళ్ళం. ఇక పొగకు పోయే దారి లేదు. కాసేపటికి తవ్వితే ఎలుకలు సొమ్మసిల్లి ఉండేవి.

దారి లేని గాలి ఏం చేస్తుందో మాకు అప్పటి నుంచే తెలుసు. తెలిసినా అది ఎలుకల సంగతి అనుకున్నాం.

మా దిక్కున రెండో బడి పొగాకు బ్యారన్. కనిగిరి, పొదిలి, కొండపి, కందుకూరు చుట్టూ వర్జీనియా పొగాకు పండుతుంది. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడింది. ఇప్పుడు కనిగిరిలోనూ దాని వేలం కేంద్రం ఉంది. పచ్చాకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వరుస మీద వరుసగా ఎక్కించి కాలుస్తారు. కాల్చడం అంటారు గానీ మంట ఆకుకు తగలదు, పొగా తగలదు. పొయ్యి మూతి గోడ బయట ఉంటుంది. వేడి రేకు గొట్టాల్లో లోపల నేల మీద చుట్టి తిరిగి, పొగ గొట్టంలోంచి మళ్ళీ బయటికే పోతుంది. లోపల ఉండేది వేడి మాత్రమే.

మేము చూసిన బ్యారన్లు పదహారు అడుగుల పొడవు, అంతే వెడల్పు. ఏటా ఆకు కోతకు ముందు వాటి గోడలు బాగుచేయాలి. పోయిన ఏడు వేడికి, తర్వాత పడిన వానకు గోడ బీటలిచ్చి ఉంటుంది. బీటల్లోంచి వేడి పోతే పుల్లలు రెండింతలు కాలాలి, ఆకు రంగూ చెడుతుంది. ఆ గోడలు మూయడంలో మా నాయనకు పేరు. చుట్టుపక్కల ఆసాములు ఆయన్నే పిలిచేవాళ్ళు.

నాయన పద్ధతి ఇది. మిట్టమధ్యాహ్నం మా ఇద్దరినీ బ్యారన్‌లోకి పంపి బయట తలుపు మూసేవాడు. లోపల మొదట ఏమీ కనపడదు. పాత పొగాకు ఘాటుకు కళ్ళు మండేవి. చిన్నవాడు భయపడి పెద్దవాడి చొక్కా పట్టుకునేవాడు. కాసేపటికి గోడల్లో వెలుతురు చుక్కలు కనపడేవి. ఒకటి, రెండు, పది, ఇరవై. తలుపు పక్కన సన్న గీత, మూలల్లో చుక్కలు, దూలం గోడలో దిగినచోట ముక్కలైన వెలుతురు. మేము ఒక్కో చుక్కలో ఒక చీపురుపుల్ల గుచ్చేవాళ్ళం. బయట నాయనకు పుల్ల కొస కనపడేది. పుల్ల లాగేసి, అక్కడ నీళ్ళు చల్లి, మట్టి ముద్దను బొటనవేలితో లోపలికి కూరి, పైన అరచేత్తో మెత్తేవాడు. చుక్క ఆరిపోయేది. అలా ఒక్కో నక్షత్రం ఆరిపోతూ చివరికి చిమ్మచీకటి అయ్యేది. "ఇంకేమన్నా కనపడుతుందా అబ్బయ్యా?" అని బయటి నుంచి అరిచేవాడు. లేదంటే తలుపు తీసేవాడు.

గోడ మూసేదాకా పని నాయనది. అక్కడితో ఆయనకు కూలి ఇచ్చి పంపేవాళ్ళు. ఆ తర్వాతది ఆకు కాల్చే మనిషి పని. మూసిన ఆ బ్యారన్‌కే కింద గవాక్షులు, పైన గవాక్షులు ఉండేవి. వాటికి తలుపులు. లోపల థర్మామీటరు. మొదట ఆకు పసుపెక్కేదాకా సుమారు 95, 100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో గవాక్షులు దాదాపు మూసే ఉంచుతారు. రంగు వచ్చాక వేడి పెంచుతూ కిందివి, పైవి తెరుస్తారు. కింద చల్లగాలి దూరుతుంది, పైన తడిగాలి పోతుంది. ఆకులోని నీరంతా అలా బయటపడాలి. చివర ఈనె ఎండేటప్పుడు మళ్ళీ మూసుకుంటూ 160 డిగ్రీల దాకా తీసుకుపోతారు. అయిదారు రోజులు రాత్రింబగళ్ళు మనిషి కాపలా. ఏ గంటకు ఏ గవాక్షి ఎంత తెరవాలో తెలిసినవాడికే విలువ. మూసే చేయికి రోజు కూలి, తెరిచే చేయికి బ్యారన్ లెక్కన జీతం.

మా నాయనకు ఆ రెండో సగం తెలుసో లేదో మేము అడగలేదు. అడగకముందే ఆయన పోయాడు. మాకు మిగిలింది మూసే విద్య ఒక్కటే. అది సగం విద్య అని అప్పుడు తెలియదు.

పెద్దవాడు మైనంపాడు డైట్‌లో టీచరు ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరాడు. కొన్నేళ్ళకు మాకు ప్రభుత్వం పక్కా ఇల్లు ఇచ్చింది. ఒక గది, ముందు చిన్న పంచ, పైన స్లాబు. మా వంశంలో వంగకుండా లోపలికి పోగలిగిన మొదటి ఇల్లు అది. అమ్మ గడప దాటేటప్పుడు అలవాటుకొద్దీ తల వంచింది. అందరం నవ్వాం.

2008 జనవరిలో మా చెల్లెలు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు చలి ఎక్కువగా అనిపించింది. బాలింతకు గాలి సోకకూడదు, పసిబిడ్డకు చలి తగలకూడదు. ఇది మా అమ్మ మాట, వాళ్ళమ్మ మాట కూడా. "గోడ మీద ఆ కన్నాల్లోంచి చలి కొడతంది, ఏదన్నా చేయండిరా" అంది అమ్మ. గదికి పైన రెండు వెంటిలేటర్లు ఉన్నాయి. ఒక కిటికీ. మేము ఇద్దరం నిచ్చెన వేసుకుని ఎక్కాం. సిమెంటు సంచులు మడిచి వెంటిలేటర్లలో కూరాం. కిటికీ రెక్కల సందుల్లో గుడ్డపీలికలు కుక్కాం. తలుపు కింద గోనెపట్ట పెట్టాం. అయినా మాకు తృప్తి లేదు. లైటు ఆర్పి, లోపల నిలబడి, ఎక్కడన్నా వెలుతురు చుక్క కనపడుతుందేమో చూశాం. ఒక్కటీ లేదు. నాయన ఉంటే మెచ్చుకునేవాడు అనుకున్నాం.

అమ్మ తుమ్మ బొగ్గులు కుంపట్లో వేసి బయట రాజేసింది. పొగంతా పోయి, బొగ్గు ఎర్రగా కణకణలాడాక గదిలోకి తెచ్చి మంచం పక్కన పెట్టింది. పొగ లేదు కాబట్టి ఏ ప్రమాదమూ లేదని అందరం నమ్మాం. గుడిసెలో పురుళ్ళన్నీ అట్టాగే జరిగాయి. అమ్మ, చెల్లెలు, తొమ్మిది రోజుల పసిబిడ్డ లోపల. మేము పంచలో పడుకున్నాం.

తెల్లవారుజామున తలుపు దగ్గర ఏదో పడిన చప్పుడు. అమ్మ బయటికి రావాలని లేచి, గడియ తీసి, గడప మీదే కూలిపోయింది. తల పగిలిపోతోందని గొణిగింది, వాంతి చేసుకుంది. లోపల చెల్లెల్ని పిలిస్తే పలకలేదు. బిడ్డ ఏడవలేదు, మెడ వాలిపోయింది. ఇద్దరినీ ఎత్తుకుని వీధిలోకి వచ్చాం. అప్పటికి 108 బండి వచ్చి రెండేళ్ళు దాటింది, ఫోన్ చేశాం. బండి వచ్చేలోపు చలిలో, బయటి గాలిలో, బిడ్డ ఒక్కసారి దగ్గి ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "గదిలో కుంపటి పెట్టారా?" పెట్టామన్నాం. "కిటికీలు మూశారా?" మేము తల వంచుకున్నాం. ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులకు చెల్లెలు కోలుకుంది. బిడ్డ బతికింది. కాలనీలో మాత్రం బాలింతకు గాలి సోకిందనే చెప్పుకున్నారు. నిజానికి గాలి సోకక జరిగింది అది. గాలి రాకుండా చేసింది మేమే.

తర్వాత పాఠ్యపుస్తకంలో దహనం పాఠం మేము కొత్తగా చదువుకున్నాం. బొగ్గు కాలాలంటే ఆక్సిజన్ కావాలి. చాలినంత ఆక్సిజన్ దొరికితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాడికి మొదటి రెండూ తెలియవు. పొగ ఉంటే దగ్గి లేచేవాళ్ళు. పొగ లేని నిప్పే ఎక్కువ మోసం చేసింది. గుడిసెలో పెట్టిన కుంపటి ఎన్నో పురుళ్ళకు హాని చేయకపోవడానికి కారణం అమ్మమ్మల పుణ్యం కాదు. గోడ మీద జానెడు ఖాళీ. అదే కుంపటిని మేము బొరియలో పెట్టాం.

ఆ రోజు నుంచి గాలి చొరని గోడ అనే మాట ఎక్కడ కనపడినా చదువుతున్నాం. మా కంటే చలి ఎక్కువున్న దేశాలు ఈ దారిలో చాలా దూరం నడిచాయి. కెనడాలోని రెజీనా నగరంలో 1977లో సస్కాచువాన్ కన్జర్వేషన్ హౌస్ అనే ఇల్లు కట్టారు. అక్కడ చలికాలంలో వేడి సున్నాకు 30 డిగ్రీలు కిందికి పడిపోతుంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ నగరంలో, క్రానిక్‌స్టైన్ అనే పేటలో నాలుగు ఇళ్ళ వరుసలో 1991లో మనుషులు కాపురం పెట్టారు. దాన్ని మొదటి పాసివ్ హౌస్ అంటారు. వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే శాస్త్రవేత్త దాని వెనక ఉన్నారు.

కెనడా, అమెరికా ఇళ్ళ గోడలు ఎట్టా కడతారో చూసినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. అవి మన తడిక గోడలకు చుట్టాలే. చెక్క గుంజలు మామూలుగా పదహారు అంగుళాలకొకటి నిలబెడతారు. మనం కందికట్టె అల్లే చోట వాళ్ళు దూది లాంటి పీచు నింపుతారు. బయట చెక్క పలకలు కొడతారు. లోపలి పక్క పలచటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అతుకు అతుకుకూ టేపు అంటిస్తారు. కిటికీ చట్రం చుట్టూ, కరెంటు వైరు దూరే బెజ్జం చుట్టూ, గోడ నేలను తాకేచోట జిగురు నింపుతారు. అన్నిటికంటే కష్టం ఆ మూలలూ అతుకులేనట. మా నాయన బొటనవేలు ఎక్కువగా తిరిగింది కూడా అక్కడే.

మూశాక పరీక్ష ఉంటుంది. వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగుతారు. లోపలికీ బయటికీ 50 పాస్కల్ల ఒత్తిడి తేడా తెస్తారు. అంటే చదరపు మీటరు పలక మీద సుమారు అయిదు కిలోలు పెట్టినంత. ఆ ఒత్తిడిలో గంటకు ఇంట్లోని గాలిలో 0.6 వంతుకు మించి సందుల్లోంచి మారకూడదు. అది పాసివ్ హౌస్ నియమం. ఎక్కడ కారుతోందో కనుక్కోవడానికి పొగ వాడతారు. ఇది చదివి మేము ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. పొగ ఎక్కడ కదిలితే అక్కడ కన్నం. చేనులో నిలబడి మేము చేసిన పని అదే. దానికి అక్కడ యంత్రం, కొలత, సర్టిఫికెట్టు ఉన్నాయి. మాకు వెక్కిరింత దొరికింది.

అయితే అసలు సంగతి ఇంకొకటి ఉంది. రెజీనా ఇంట్లోనూ, డార్మ్‌స్టాట్ ఇంట్లోనూ గోడలు అంత గట్టిగా మూసినవాళ్ళు గాలి వచ్చి పోవడానికి వేరే యంత్రం పెట్టారు. పాతగాలి పోతూ పోతూ తన వేడిని లోపలికి వచ్చే కొత్తగాలికి ఇచ్చిపోతుంది. గోడ ఎంత బిగిస్తే గాలి దారిని అంత లెక్కగా పెట్టాలని వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. బ్యారన్ కట్టినవాళ్ళకూ తెలుసు. పొగాకు ఆకు కోసం గవాక్షులు పెట్టారు, థర్మామీటరు పెట్టారు, రాత్రంతా మనిషిని కూర్చోబెట్టారు. ఆకు కట్టిన మా అమ్మ పడుకునే గదికి ఆ లెక్క ఎవరూ వేయలేదు. ఉన్న రెండు కన్నాలు ఎందుకున్నాయో మాకు ఎవరూ చెప్పలేదు. చదువుకున్న మేమూ అడగలేదు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. చెంచుల లాంటి ఆదిమ గిరిజన తెగలకు పక్కా ఇళ్ళు అందులో భాగం. మంచిదే. వానకు తడిసే కప్పు కింద ఎవరూ ఉండకూడదు. కానీ తడిక ఇంట్లో పుట్టిన అలవాట్లు ఇటుక ఇంట్లోకి మనతోపాటే నడిచి వస్తాయి. లోపల పొయ్యి, మంచం కింద కుంపటి, దోమలకు పొగ. తడిక గోడ మన తప్పుల్ని కాసేది. ఇటుక గోడ కాయదు. ఇళ్ళలో వంట పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో మన లాంటి ఇళ్ళవాళ్ళే ఎక్కువ.

మరి గోడ మూయడమెందుకు, సందులు వదిలేస్తే పోదా అని మేస్త్రీ అడిగాడు. మంచి ప్రశ్నే. కనిగిరి వేసవి తెలిసినవాళ్ళకు జవాబు తెలుసు. మే నెల వడగాలి ప్రతి సందులోంచి నిప్పులా కొడుతుంది. వాన గాలికి నీళ్ళు దూరతాయి. సందు ఉంటే తేలు వస్తుంది, ఎలుక వస్తుంది, దాని వెనక పాము వస్తుంది. పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకోగలిగిన ఇల్లే మనకు కావాలి. సందు మన మాట వినదు. గవాక్షి వింటుంది. తేడా అంతే.

అందుకని మా ఇంటికి రెండు పనులూ చేయిస్తున్నాం. బీము కింద చివరి ఇటుక వరుసను వెంటనే బిగించవద్దన్నాం. కింది గోడ కొన్ని రోజులు కుదురుకున్నాక ఆ సందులో సిమెంటు మాలు కూరిస్తే బీట రాదు. పిల్లరుకూ ఇటుకకూ మధ్య అతుకు మీద కోళ్ళ జాలీ కొట్టి పూత వేస్తున్నాం, ఎందుకంటే రెండు రకాల సరుకు ఒకేలా ఎండదు. ద్వారబంధం చుట్టూ, కరెంటు పైపు చుట్టూ చేత్తో కూరుతున్నాం. పూతకు కనీసం వారం రోజులు నీళ్ళు పెడుతున్నాం. అది తగ్గితే గోడంతా నెర్రెలే. ఇది నాయన విద్య.

మిగతా సగం మేము నేర్చుకున్నది. ప్రతి గదికీ ఒక గోడలో కింద, ఎదురు గోడలో పైన గాలిదారి. రెండిటికీ జాలీ, చెక్కతలుపు. వంటగదికి స్లాబు దాటి పైకి పోయే పొగగొట్టం. గ్యాసు ఉంది, అయినా గొట్టం ఉండాలి. సిలిండరు కొనలేని నెలలు ఎట్టా ఉంటాయో మాకు తెలుసు. పడకగది పై గాలిదారికి మాత్రం పూర్తిగా మూసే తలుపు పెట్టలేదు. నాలుగు వేళ్ళ సందు ఎప్పుడూ ఉంటుంది. ఎవరైనా భయంతోనో ప్రేమతోనో మూయాలన్నా మూయలేరు. మేము ప్రేమతోనే మూశాం కదా.

తోటి టీచర్లకు ఒక మాట. దహనం పాఠం చెప్పేటప్పుడు గ్లాసు కింద కొవ్వొత్తి ఆరిపోవడం చూపించి ఆగవద్దు. పిల్లల్ని వాళ్ళ ఇంటి వెంటిలేటరు చూసి రమ్మనండి. అందులో ఏం కూరి ఉందో రాసుకురమ్మనండి. గది తలుపు వేసి, అగరుబత్తి పొగ ఎటు పోతుందో చూడమనండి. పురుడు ఉన్న ఇంట్లో కుంపటి గది బయటే ఉండాలని, పసిబిడ్డకు తల్లి ఎద మీద పడుకోవడమే మంచి వెచ్చదనమని చెప్పి పంపండి. పిల్లలు చెప్తే అమ్మమ్మలు వింటారు. మా అమ్మ మా మాట కంటే మనవరాలి మాటే వింటుంది.

ఆ మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నిన్న ఆదివారం ఇంటి దగ్గరికి వచ్చింది. ముందు గదికి గోడలు పూర్తయ్యాయి. కిటికీలకు, గాలిదారులకు గోనెపట్టలు కట్టి, చీపురు పుల్లల కట్ట చేతికిచ్చి లోపలికి పంపాం. తలుపు బదులు ప్లైవుడ్ షీటు అడ్డం పెట్టాం. అయిదు నిమిషాలకు బీము పక్కన ఒక పుల్ల బయటికి వచ్చింది. తర్వాత ద్వారబంధం మూలలో ఒకటి. చిన్నవాడు మాలు కూరాడు, పెద్దవాడు నీళ్ళు చల్లాడు. మొత్తం ఏడు పుల్లలు.

"ఇంకేమన్నా కనపడుతుందా అమ్మాయ్?" అని బయటి నుంచి అరిచాం.

"పైన పట్టా పక్కనుంచి పెద్ద వెలుతురు వస్తోంది మామా. అక్కడ కూడా పుల్ల పెట్టనా?"

మేము నోరు తెరిచేలోపే ఇసుక కుప్ప దగ్గర నుంచి అమ్మ కేకేసింది.

"అది ముట్టుకోబాక. అది నీ కోసం పెట్టింది."